కేంద్రమును శాఖలును: పసుపు రైతుల సంవాదము

ఆర్మూరు చెంత 44వ, 63వ జాతీయ రహదారులు కలియు ప్రాంతమున, మామిడిపల్లి చౌరస్తాలో, 2019 ఫిబ్రవరి మాసమందు పసుపునకు క్వింటాలు ఒక్కింటికి 15,000 రూపాయలును ఎర్రజొన్నకు 3,500 రూపాయలును ధర కావలెనని కోరుచు వేలకొలది రైతులు రహదారిపై బైఠాయించిన సంగతి నెఱిగినవారెవ్వరును ఈ ప్రాంతపు కృషీవలులకు సంఘటితశక్తి లేదని చెప్పజాలరు. ఆ యేటి ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు స్థానమునకు పోటీలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే యగుటచేత, ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండేసి బ్యాలెట్ యూనిట్లను జతపరుపవలసి వచ్చినది. వారు కోరినవానిలో ఒకటి ఈడేరినది: జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటింపబడి, 2025 సంక్రాంతినాడు ఆరంభమై, అదే సంవత్సరము జూన్ 29న నిజామాబాదులో తన ప్రధాన కార్యాలయమును తెరచినది. మద్దతు ధర మాత్రము నేటికిని రాలేదు. బోర్డు కావలెనని కూడినవారు బోర్డు వచ్చిన పిమ్మట దేనికై కూడవలెను, ఎక్కడ కూడవలెను, ఎవరిని కూర్చుకొనవలెను అను ప్రశ్న ఇప్పుడు వారియెదుట నిలిచినది. వృత్తిసంఘములకెల్ల, అవి న్యాయవాదులవి గానిండు, వైద్యులవి గానిండు, ఉద్యమకాలము గడచిన పిదప ఎదురగు ప్రశ్నయే యిది.

ఈ సంవాదము నేను కల్పించినది. ఇందలి వాదములు మాత్రము ఈ ప్రాంతమున జనులు నిజముగా తర్కించుకొనుచున్నవి. ఇరువురిలో పెద్దవాడు అంకాపూరు వైపున పసుపు పండించుచు, సంఘముయొక్క లెక్కలను చిరకాలము చూచినవాడు. రెండవవాడు ఆయన మేనల్లుడు, మెట్‌పల్లి వైపువాడు. సంఘమునకు ప్రాంతీయశాఖలు కావలెనని ప్రణాళిక వ్రాసి తెచ్చినవాడు.

మామ: అల్లుడా, నీ కాగితమును శ్రద్ధగా చదివితిని. మండలమునకొక శాఖ, గ్రామమునకొక కమిటీ, చందాలో మూడింట రెండు వంతులు శాఖయొద్దనే యుండవలెనని వ్రాసితివి. దీనిని నీవు విస్తరణమనుచున్నావు. నాకిది విభజనముగా కనబడుచున్నది. 2019లో మనకు ఏ మండలమున శాఖ యుండెను? ఎవరికి ఏ పదవి యుండెను? ఒక్క చౌరస్తా, ఒక్క కోరిక. పార్టీ జెండా పట్టుకొని వచ్చినవానిని జెండా బయటనుంచి రమ్మంటిమి. నాడు పదునెనిమిది శాఖలును పదునెనమండ్రు అధ్యక్షులును ఉండియుండినచో, ఉద్యమము రాజుకొనకముందే వారిలో సగముమందిని ఏదో యొక పార్టీ తనవైపు త్రిప్పుకొనియుండెడిది. శాఖాధ్యక్షపదవి యనునది మనపల్లెలలో సర్పంచి ఎన్నికకు తొలిమెట్టుగా మారుటకు ఎన్ని దినములు పట్టును?

అల్లుడు: మామా, ఆ యేటి బలమును నేను తక్కువ చేయను. కాని అది యెటువంటి బలమో మనము యోచింపవలెను. 1996లో నల్లగొండలో, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోవుచున్న పల్లెలవారు లోక్‌సభకు అభ్యర్థులను నిలుపగా, పోటీలో 480 మంది యుండిరి. ఆ యేడే తమిళనాట, ఈరోడు పసుపునేలలోనే, మొడకురిచ్చి శాసనసభాస్థానమునకు 1033 మంది నిలిచిరి. అది మనము నడచిన త్రోవయే. మనకన్న ముందు నడచిరి. అట్టి నామినేషను దేశము తల త్రిప్పి చూచునట్లు చేయును. అంతవఱకే దాని పని. ఓట్ల లెక్కింపు ముగిసిన మఱునాడు ఆ వందలకొలది మంది ఎవరి యిండ్లకు వారు పోయిరి. మన 170 మందిలో నేడు సంఘమునకు చందా కట్టుచున్నవారెవరో, కట్టనివారు ఏల కట్టుటలేదో మీ పుస్తకమున కలదా?

మామ: చందా కట్టకపోయినను పిలిచిననాడు వత్తురు.

అల్లుడు: ధర పడిపోయిననాడు వత్తురు. ధర బాగుగా నున్న యేడు మీరు పిలువరు, వారు రారు. సంఘము ఆపదలో మాత్రమే కనబడుచుండిన, సభ్యునికి దాని ముఖము ఆపదముఖముగానే తెలియును.

మామ: బోర్డు వచ్చిన పిదప మనకు కావలసినది ఒక్క గొంతు. ఎగుమతిదారులు ఒక్క గొంతుతో మాటాడుదురు. పొడి కొట్టు కంపెనీలు ఒక్క గొంతుతో మాటాడును. నిజామాబాదు యార్డులోని అడ్తీదారులకు సంఘము కలదు. దానికి తగవులున్నను బయటికి ఒక్కటే మాట వచ్చును. మనము మాత్రము వేల్పూరున ఒకటి, మోర్తాడున ఒకటి, కోరుట్లలో వేఱొకటి చెప్పినచో బోర్డువారు ఎవరిమాట విందురు? ఏదియు వినకుండుటకు అది వారికి సాకగును.

అల్లుడు: ఆ ఒక్క గొంతు ఏమి పలుకవలెను? క్వింటాలుకు ధర యింత కావలెనని పలుకుట సులభము, అది అందఱికి సమానము. దానికి క్రిందనున్నవి సమానము కావు. మీ యంకాపూరువారికి విత్తనవ్యాపారము తెలియును, యార్డు ముప్పది కిలోమీటర్ల లోపుననే కలదు. కాడి యను కొమ్మును, గోళ యను గుండ్రని దుంపను వేఱుచేసి ప్రొద్దున ట్రాలీ కట్టిన మధ్యాహ్నమునకు వేలములో నుందురు. మావైపు రైతునకు అదే యార్డు రెట్టింపునకు పైగా దూరము. ఆనాడు ధర పలుకనిచో సరుకును తిరిగి తెచ్చుకొనలేడు, ఆ సంగతి కొనువాడెఱుగును. కొందఱు కలసి లారీ మాట్లాడుకొని మహారాష్ట్రలోని సాంగ్లీ యార్డునకు పంపుదురు; అక్కడ తూకమున ఏమి జరిగినదో, తేమపేర ఎంత కోసిరో తెలిసికొనుటకు ఎవ్వరును లేరు. గోదావరి కావలి నిర్మల్ రైతుల బాధ మఱియొకటి. నీరు నిలుచు నల్లరేగడిలో దుంపకుళ్లు పట్టినయేడు వానికి ధరకంటె ముందు మందు కావలెను, కమ్మర్‌పల్లి పరిశోధనాస్థానమునుండి ఒక మనిషి తన చేనికి రావలెను. ఈ కష్టములలో ఏ యొక్కటియు ఆర్మూరులో కూర్చున్న కార్యవర్గమునకు ధర పడిపోవు వఱకు చేరదు.

మామ: చేరుటకు ఫోను లేదా? వాట్సాప్ సమూహము లేదా? దినదినమును యార్డు ధరలు పంపుచునే యున్నాము.

అల్లుడు: పంపుచున్నారు. అటునుండి వచ్చినదాని కెవరైన బదులిచ్చిరా? 2016లో జాతీయ వ్యవసాయ విపణి మొదలైనపుడు తొలిజాబితాలోనే నిజామాబాదు యార్డు చేరినది. నాటినుండి ధర తెలిసికొనుటకు రైతునకు సంఘము అక్కఱలేదు, చేతిలోని ఫోనే చాలును. ధరలు తెలుపుటయే మన పనియైనచో, ఆ పనిని ప్రభుత్వయంత్రము మనకన్న ముందే చేయుచున్నది.

ఇక్కడ పెద్దాయన కొంత యోచించి, వాదమును వేఱొక త్రోవకు మరల్చెను.

మామ: నీవు ముల్కనూరు చూచితివా? 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార సంఘము నేటికిని నిలిచియుండుటకు హేతువేమి? పదునాలుగు గ్రామముల హద్దు గీచుకొని దానిని దాటలేదు.  రాష్ట్రమంతట మాకు సంఘము కలదని చెప్పుకొనవలెనను ఆశ వారికి కలుగలేదు. అప్పిచ్చినను, ఎరువిచ్చినను, ధాన్యము కొన్నను, విత్తనము పండించినను ఆ హద్దులోనే. ఇతరత్ర ఎన్ని సహకార సంఘములు విస్తరించి, అప్పులలో మునిగి, ప్రభుత్వము చేతిలో పడినవో నేను కన్నులార చూచితిని.

అల్లుడు: మామా, ముల్కనూరు నా పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. అక్కడి సభ్యుడు ప్రొద్దున బయలుదేరి సంఘమునకు పోయి, లెక్క అడిగి, భోజనమునకు ఇల్లు చేరగలడు. నాకు కావలసినది అదియే. మెట్‌పల్లి రైతునకు ఆర్మూరు ముల్కనూరు కాదు.

మామ: అట్లైన మీరు వేఱుగా పెట్టుకొనుడు. స్వతంత్ర సంఘముగా నిలువుడు. మా శాఖయని ఏల చెప్పుకొనవలెను?

అల్లుడు: వేఱుగా నిలిచిన మమ్ము బోర్డు లెక్కపెట్టదు గనుక, మీకును మేము లేనిచో మీరు ఒక తాలూకా సంఘమే యగుదురు గనుక. తెలంగాణములో ఈ చిక్కును విప్పిన పెద్దలు మనకు పూర్వమే కలరు. 1921లో హైదరాబాదులో ఆంధ్రజనసంఘము పుట్టినది. దానిని పెంచుటకు వారు నగరమునుండి శాసనములు పంపలేదు. జిల్లాలలో ఎక్కడికక్కడ గ్రంథాలయములు, చిన్నసంఘములు లేచినవి. అవి లేచిన పిదప వానిని కూర్చి 1923లో హనుమకొండలో ఆంధ్రజన కేంద్రసంఘము సమావేశమైనది. అటుపిమ్మట నల్లగొండ, మధిర, సూర్యాపేట. 1930లో ఆంధ్రమహాసభ మొదటిసారి జోగిపేటలో కూడినది, 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను మన నిజామాబాదునకే వచ్చినది. కేంద్రము నగరమున నున్నను, సభ ఊరూరు తిరిగినది. ఏ యూరికి పోయిన ఆ యూరివారు ఆతిథ్యమిచ్చిరి, వంట చేసిరి, పందిరి వేసిరి, తరువాత సభ్యులైరి.

మామ: ఆ సంఘమునకు మాడపాటి హనుమంతరావుగారు కార్యదర్శి; అటువంటివారుండిన ఏ సంఘమైనను నడచును.

అల్లుడు: ఆయన చేసిన పనిని చూడుడు. సంఘము ప్రచురించిన చిన్నపుస్తకములలో ‘వర్తక స్వాతంత్ర్యము’ ఒకటి. అధికారులు పల్లెకు వచ్చి అంగడివాని సరుకును తమకు తోచిన ధరకు తీసికొనిపోవు దినములవి. భాషాభిమానము బోధించి వర్తకులను చేర్చుకొనుటకు ఆయన యత్నింపలేదు. మీ సరుకును బలవంతముగా తీసికొనుటకు వారికి అధికారము లేదని, ఇదిగో ప్రభుత్వపు ఉత్తరువని అచ్చువేసి చేతికిచ్చెను. అంగడివాడు సంఘమునకు దగ్గఱయగుటకు అది చాలినది. మనము మన రైతు చేతికి అటువంటి కాగితమేదైన ఇచ్చితిమా? తేమకు ఎంత కోత న్యాయము, సంచికి ఎంత తరుగు న్యాయము, అడ్తి యెవరు చెల్లింపవలెను, తక్‌పట్టీ యను అమ్మకపు రశీదు లేకుండ సరుకు వదలవచ్చునా. ఇంతమాత్రము తెలిపెడి నాలుగు పుటల పుస్తకమును సంఘము ఈ పదేండ్లలో అచ్చువేయలేదు.

మామ: ఆ మహాసభయే 1944లో భువనగిరియొద్ద చీలినదని కూడ చెప్పుము. వ్యాపించినది, చీలినది.

అల్లుడు: వ్యాపించుటచే చీలలేదు. వెట్టిచేయువారు, కౌలుదార్లు సభలోనికి వచ్చి తమ కష్టము చెప్పుకొనగా, అది వినుటకు కొందఱు సిద్ధపడిరి, కొందఱు పడలేదు.

చరిత్రకారులు ఈ యంశమును ఇంతకన్న విపులముగా చెప్పుదురు గాని, మేనల్లుని మాటలో సారము కలదని నా యభిప్రాయము. ఏ సంఘమైనను క్రొత్తవారు లోపలికి వచ్చిననాడు కాదు, వచ్చినవారి మాటకు పాతవారు చెవియొగ్గనినాడు చీలును. అయినను దీని తరువాత పెద్దాయన చెప్పినది నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టినది.

మామ: నేనిన్నాళ్లు చెప్పని మాట చెప్పెదను. గ్రామమునకొక కమిటీ యని వ్రాసితివే, ఈ జిల్లాలో గ్రామమునకొక కమిటీ ఇదివరకే కలదు. గ్రామాభివృద్ధి కమిటీలు మంచి చేయలేదని నేననను. బడికి గదులు కట్టించినవి, గుడికి ప్రాకారము కట్టించినవి, చెఱువుగట్టు బాగుచేయించినవి. ఎర్రజొన్నకు వ్యాపారితో బేరమాడినవి కూడ అవియే. కాని మాట వినని కుటుంబమునకు జరిమానా విధించి, కట్టనివానికి మంగలి, చాకలి, కిరాణము బందుచేయించి, పిలిచి మాటాడినవానికిని జరిమానా వేసిన కమిటీలును ఈ నేలమీదనే కలవు. పత్రికలలో వచ్చినది, పోలీసు కేసులైనవి. నీ గ్రామశాఖలో ఎవరు కూర్చుందురు? ఆ మనుష్యులే కూర్చుందురు. సరుకును ఫలానివానికే అమ్మవలెనని నీ శాఖ తీర్మానించును. ఒక పేదరైతు కూతురి పెండ్లికి డబ్బు కావలసి వేఱొకనికి అమ్ముకొనును. అప్పుడు వానిమీద సంఘము పేర జరిమానా పడును. ఆనాడు ఆర్మూరులో కూర్చున్న నేను ఏమి చేయగలను? దూరముననున్న కేంద్రమునకు సభ్యుని కష్టము తెలియదంటివి, నిజమే. కాని దూరముననున్న కేంద్రము సభ్యుని వీపున చఱచుటయు తెలియనిది. పేదవానికి ఒక్కొక్కప్పుడు ఆ దూరమే రక్ష.

మేనల్లుడు దీనికి వెంటనే బదులు చెప్పలేకపోయెను. చెప్పినపుడును తన ప్రణాళికను కొంత కుదించుకొనియే చెప్పెను.

అల్లుడు: మీ మాట కాదనలేను. గ్రామకమిటీ యను పంక్తిని తీసివేసెదను. శాఖ మండలస్థాయిని ఉండవలెను. ఒక్క గ్రామమువారు, ఒక్క కులమువారు, ఒక్క కుటుంబమువారు దానిని పట్టుకొనలేనంత పెద్దదిగాను, సభ్యుడు ఆటోలో పోయి తిరిగి రాగలిగినంత చిన్నదిగాను ఉండవలెను. నియమావళిలో మొదటి వాక్యమిట్లు వ్రాసెదను: ఈ సంఘమున ఏ శాఖకును ఏ సభ్యునిమీదను జరిమానా విధించు అధికారము గాని, ఎవరికి అమ్మవలెనో శాసించు అధికారము గాని, వెలివేయు అధికారము గాని లేదు. దీనిని మీఱిన శాఖను కేంద్రము రద్దుచేయవచ్చును. ఆ యొక్క విషయమున కేంద్రమునకు మీరు కోరినంత బలమిచ్చెదను.

మామ: ఆ వాక్యమును నేను ఒప్పుకొందును.

అల్లుడు: అట్లైన ఇప్పుడు సభ్యుల పుస్తకము తెఱవుడు. ఇందున్న పేర్లు ఎక్కడివి? పట్టాదారు పాసుపుస్తకములనుండి ఎక్కించినవి. పసుపు పండించువాడెవడను ప్రశ్న అడుగక, భూమి యెవనిపేర నున్నదని అడిగితిమి. ఈ పుటలో ప్రతి పేరును పురుషునిదే. మావైపు ఈ పేర్లకు ఫోను చేసిన దుబాయిలోనో, మస్కటులోనో, సౌదీలోనో మ్రోగును. పట్టాదారుడు అక్కడ తాపీపని చేయుచుండగా, ఇక్కడ విత్తనపుదుంప కోసి నాటించునది, తొమ్మిది నెలలు నీరు పెట్టునది, తవ్వినపుడు కూలీలతోపాటు వంగి వేళ్లు దులిపి కాడిని గోళను వేఱుచేయునది, బాయిలరు వచ్చిన రాత్రి మేలుకొని యుండునది, మిగిలిన వేళ బీడీలు చుట్టునది అతని భార్య. ఆమెకు మన సంఘము కలదని తెలియదు. తెలిసినను తాను దానికి చెందినదని ఎన్నడును తలపదు. సభ్యులు దూరమగుచున్నారని మీరు చింతించుచున్నారు; సభ్యురాలిని మనము చేర్చుకొననే లేదు.

మామ: ఆమె సభకు రాదు.

అల్లుడు: మీరు సభను ఫిబ్రవరిలో, మధ్యాహ్నము, యార్డు ఎదుట ఫంక్షన్ హాలులో పెట్టిన రాదు. అప్పుడు పసుపు కళ్లములో ఎండుచుండును, కావలి వదలి ఎవరును రారు. ఉగాది దాటిన పిదప, సరుకు అమ్ముడై, రోహిణికి నేల దున్నకముందు నెలదినముల తెఱపి కలదు. మండలశాఖలు ఆ నెలలో, మహిళాసంఘములు కూడు చోటనే, సాయంకాలము కూడవలెను. పొదుపు సంఘములలో లెక్కలు వ్రాసి, బ్యాంకుతో మాటాడి, తీర్మానము చదువుటకు అలవాటుపడిన స్త్రీలు ప్రతి ఊరను కలరు. మన శాఖలకు కార్యదర్శులను వెదకుచు మనము పార్టీలవైపు చూచుచున్నాము.

మామ: ఇది మంచి మాట. కౌలుదార్ల సంగతి మాత్రము కదల్పకుము. కౌలుదారుని పేరు పుస్తకమున ఎక్కినదనిన పట్టాదారుడు భయపడును. రేపు నా భూమిమీద వానికి హక్కు వచ్చునేమోయని సంఘమునుండియే తొలగిపోవును. చందా పట్టాదారులే కట్టుచున్నారు.

అల్లుడు: 2011లో ఉమ్మడి రాష్ట్రమున వచ్చిన భూఅధీకృత సాగుదారుల చట్టము కౌలుదారునకు గుర్తింపుకార్డు ఇచ్చినది, భూమిమీద హక్కు ఇయ్యలేదు; అప్పునకు, పంటనష్టపు సహాయమునకు తోడ్పడుటకే ఆ కార్డు. అయినను ఆ భయము పోలేదని నేనెఱుగుదును. అందుచేత సభ్యత్వపు కాగితమునుండి సర్వే నంబరును తీసివేయుదము. పేరు, ఊరు, ఈ యేడు ఎన్ని గుంటలలో పసుపు వేసితివి, ఇంతియే అడుగుదము. భూమి యెవరిదో మనకేల? ఎవరు పండించిరో వారు రైతులు. కౌలుదారుడు ఎకరమునకు కౌలు ముందే చెల్లించి, ధర పడిపోయినపుడు అందఱికంటె ముందు మునుగువాడు. మామిడిపల్లి చౌరస్తాలో ఎండలో కూర్చున్నవారిలో అట్టివారు లేరనుకొంటిరా?

మామ: ఉండిరి. సర్వే నంబరు లేకున్నచో పసుపు పండింపనివాడును చేరిపోవును, అడ్తీదారుని మనిషి చేరును.

అల్లుడు: ఆర్మూరులో కూర్చున్న మనకు వాడెవడో తెలియదు, మండలశాఖవారికి తెలియును. ఎవరి చేనిలో ఏమున్నదో వారికి కాగితము చూడనక్కఱలేదు. శాఖ యుండుటకు ఇది మఱియొక హేతువు.

మామ: సరే. ఇక డబ్బు. చందాలో మూడింట రెండు వంతులు శాఖకిచ్చిన, బోర్డు సమావేశమునకు ఢిల్లీ పోవలసినపుడు, న్యాయస్థానమున వ్యాజ్యము వేయవలసినపుడు కేంద్రము ఎవరిని యాచించును?

అల్లుడు: శాఖలను యాచింపవలెను. పోయి, ఎందులకు కావలెనో చెప్పి, అడుగవలెను. అడుగవలసిన అవసరము కలిగిననాడే కేంద్రకార్యవర్గము మెట్‌పల్లికిని భీమ్‌గల్‌కును నిర్మల్‌కును వచ్చును.

మామ: వ్యాజ్యము గడువు శాఖల సమ్మతికై ఆగదు. నేను సగమునకు ఒప్పుకొందును, అంతకు మించి ఒప్పుకొనను. శాఖ లెక్కలను ఏటేట కేంద్రము నియమించిన ఆడిటరు చూడవలెను.

అల్లుడు: కేంద్రము లెక్కలను ఏ శాఖనుండియైనను ఇద్దఱు సభ్యులు వచ్చి చూచుటకు హక్కుండినచో ఆడిటరునకు నేను ఒప్పుకొందును. సగమునకు ఒప్పుకొనను. రశీదు పుస్తకము చేతిలోనుండి, పది రూపాయలు ఖర్చు పెట్టుటకు ఆర్మూరును అడుగవలసిన కార్యదర్శి రెండవయేడు ఆ పుస్తకమును మూలపెట్టును.

మామ: అట్లైన దీనిని సర్వసభ్యసమావేశమునందే పెట్టుదము. నేను సగమని ప్రతిపాదింతును, నీవు సవరణ ప్రతిపాదింపుము.

అల్లుడు: సమావేశము ఎక్కడ?

మామ: ఈ మాఱు మెట్‌పల్లిలో పెట్టుమని కార్యవర్గమునకు వ్రాసెదను. పందిరి, భోజనము మీ మండలము చూచుకొనవలెను. క్రొత్త సభ్యత్వకాగితములు అచ్చువేయించి ఉగాదికి ముందే పంపుము, సర్వే నంబరు గడి లేకుండ. ఆనాడు ఓటు ఎవరికి కలదో ఆ పుస్తకమునుబట్టియే తేలును గనుక, కౌలుదార్లను, ఆడవారిని నీవు చేర్పింపగలిగినంత మందిని అప్పటిలోగా చేర్పింపుము. చేరినవారందఱి యెదుటను నా సగమును నేను సమర్థించుకొందును.